బేరింగు మనిషి

మొన్న గుత్తి బస్టాండులో ఒక లారీ మెకానికు నన్ను టైం అడిగాడు. అడుగుతున్నంతసేపూ ఎడమచెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. ఆ చేతికి గ్రీజు ఉంది. నా తెల్లచొక్కాకు అంటుతుందని కాబోలు. టైం చెప్పి పంపించాక, చెప్పింది సరైనదేనా అని అనుమానం వచ్చి మళ్ళీ గడియారం చూసుకున్నాను. పావుగంట తప్పు చెప్పాను. అప్పటికి అతను వెళ్ళిపోయాడు.

అలా చెయ్యి వెనక్కి పెట్టుకుని మాట్లాడే మనిషిని నేను ఇంకొకణ్ణే ఎరుగుదును. తాడిపత్రిలో నేను గుమాస్తాగా ఉన్న వేరుశనగ నూనె మిల్లులో ఆయన బేరింగులకు గ్రీజు పెట్టేవాడు. పోయి రెండేళ్ళు దాటింది. పేరు లేక కాదు, చర్చిలో పెట్టిన మంచి పేరే ఉంది. కానీ మిల్లులో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. మొదట్లో "ఏయ్" అనేవారు. తరువాత "గ్రీజోడు" అన్నారు. ఆఖరి ఏళ్ళలో "మేస్త్రీ" అయ్యాడు. మూడు పిలుపులకూ ఆయన ఒకే తీరుగా, తొందర లేకుండా, మొహం మాత్రమే తిప్పి చూసేవాడు. ఇప్పుడు నేను పేరు రాస్తే ఆయన్ను ఎరిగినవాళ్ళే ఎవరబ్బా అనుకుంటారు.

పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. నవ్వితే శబ్దం వచ్చేది కాదు. కుడిచేత్తో తినాలి కాబట్టి గ్రీజు ఎడమచేత్తో పెట్టేవాడు. ఎవరితో మాట్లాడినా ఆ చెయ్యి వెనక ఉండేది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు సున్నిపిండితో తోమి తోమి కడుక్కునేవాడట. అయినా అక్కడ కూడా వెనకే పెట్టుకుంటాడని ఆయన భార్య చెప్పింది.

మిల్లు సంగతి కొంచెం చెప్పాలి. ఒక ఆయిల్ ఇంజను, దాన్నుంచి గది పొడవునా పోయే ఇనుప షాఫ్టు, దాని మీద చక్రాలు, బెల్టులు. వాటితో కాయలు ఒలిచే మిషను తిరిగేది, గింజల్ని పిండే ఎక్స్‌పెల్లరు తిరిగేది. తిరిగే ప్రతి కడ్డీకీ కొసల్లో ఆనుకునే చోటు ఉంటుంది. అదే బేరింగు. అక్కడ చమురు లేకపోతే ఇనుము ఇనుమును తింటుంది.

మా సాహుకారుకు మొదట్లో ఒక సొంత సిద్ధాంతం ఉండేది. నూనె మిల్లు పెట్టుకుని బయట చమురు కొనడం అవమానం అని. అందుకని బేరింగులకు మా వేరుశనగ నూనే పోయించాడు. వేడికి అది చిక్కబడి, లేతపాకం అయ్యి, ముదురుపాకం అయ్యి, చివరకు బంక అయ్యింది. ఒక పొద్దున ఇంజను తిరిగింది గాని షాఫ్టు కదల్లేదు. అప్పుడు ఆముదానికి మారాం. పాత ఇత్తడి బేరింగులకు ఆముదం బాగానే పనిచేసింది. సాహుకారు దాన్ని కూడా తన సిద్ధాంతమే అనేవాడు.

తరువాత కొత్త ఎక్స్‌పెల్లరు వచ్చింది. దానివి గుండ్ల బేరింగులు. వాటిలో పల్చని చమురు నిలవదు, కారిపోతుంది. కారిన చోట వేరుశనగ పొట్టు దుమ్ము పోయి కూచుంటుంది. గుత్తి నుంచి వచ్చిన ఫిట్టరు గ్రీజు పెట్టాలన్నాడు. డబ్బా తెప్పించాం. మూత తీయగానే ఒక వాసన వచ్చింది. సాహుకారు అది దేనితో చేస్తారని అడిగాడు.

"కొవ్వు సామీ. పశువుల కొవ్వును సున్నంతో ఉడికించి చమురు కలుపుతారు," అన్నాడు ఫిట్టరు, ఇడ్లీ పిండి సంగతి చెప్పినట్లు.

సాహుకారు ఇంట్లో మాంసం అన్న మాట కూడా పలకరు. ఆయన రెండడుగులు వెనక్కి వేసి గడప అవతల నిలబడ్డాడు. ఇంజను డ్రైవరు మస్తాను, ఏ పశువు కొవ్వు అని అడిగాడు. డబ్బా మీద రాసి లేదన్నాడు ఫిట్టరు. మస్తాను చేతిలోని స్పానరు కింద పెట్టి, తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. ఇంకా ముట్టుకోనే లేదు, అయినా తుడుచుకున్నాడు. ఇలా ఇద్దరూ వేరు వేరు కారణాలతో ఒకే డబ్బాకు దూరమయ్యారు. ఫిట్టరు ఆ రోజుకు తానే బేరింగులకు గ్రీజు నింపి, మనిషిని చూసి పెట్టుకోండి, వారం వారం పెట్టాలి అని చెప్పి సాయంత్రం రైలుకు పోయాడు.

డబ్బా మీద గోనెసంచి కప్పారు. వారం దాటినా సంచి ఎవరూ తీయలేదు. ఎక్స్‌పెల్లరు వెనక మూలలో ఉన్న బేరింగు సన్నగా కూయడం మొదలుపెట్టింది. ఆ కూతకు సాహుకారు అన్నం సరిగా తినలేదు. ఒక పొద్దున పెరట్లో కాయల మూటలు దించే కూలీల దగ్గరకు పోయి, ఎవరికీ చెప్పనట్టుగా, అందరికీ వినబడేట్టుగా సంగతి చెప్పాడు.

తరువాత బేరింగు మనిషి అయిన ఆయన అప్పుడు ఆ కూలీల్లో ఒకడు. మూట దించి నిలబడ్డాడు. "మేము తినేదే గదా సామీ అది," అన్నాడు. "ముట్టేదానికేమి?"

పెరడంతా నవ్వింది. సాహుకారు నవ్వలేదు. కానీ ఆ మాటతోనే గ్రీజు పని ఆ కూలీకి దక్కింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆయన ఊరి బయట, ఊరు అంటుకోని వాళ్ళుండే పాళెం మనిషి. ఎక్స్‌పెల్లరు గదిలోకి పాళెం వాళ్ళు రాకూడదు. అది తినే నూనె పిండే గది. పెరట్లో కాయలు వాళ్ళ చేతుల మీదుగానే వచ్చేవి, కానీ కాయకు పొట్టు ఉంటుంది గనుక ఫరవాలేదని సాహుకారు లెక్క. ఇప్పుడు బేరింగు లోపల ఉంది, గ్రీజు ముట్టే మనిషి బయట ఉన్నాడు. మూడు రోజులు ఆలోచించి సాహుకారు వెనక గోడకు ఒక చిన్న వాకిలి కొట్టించాడు. నూనె తొట్టి పక్కగా రాకుండా నేరుగా మూల బేరింగు దగ్గర తేలే వాకిలి. రూలు కూడా చెప్పాడు. బేరింగు ముట్టొచ్చు. నూనె ముట్టకూడదు.

మూల బేరింగుకూ, నూనె కారే దోనెకూ మధ్య దూరం జానెడు. నేను కొలిచాను. ఆ జానెడును ఆయన ఎన్నో ఏళ్ళు కాపాడాడు.

వాకిలి ఎత్తు తక్కువ. ఆయన పొడుగు. రోజూ వంగి వచ్చేవాడు, వంగి పోయేవాడు. ఇంకో రెండు వరసల రాయి తీసేస్తే సరిపోయేది. ఎవరికీ తోచలేదు. ఆయనా అడగలేదు.

మొదటి రోజే తప్పు చేశాడు. బేరింగు మూత తీసి, పట్టినంత కుక్కి, బొటనవేలితో ఒత్తి మరీ మూశాడు. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లగా ఉంటుందనుకున్నాడు. మధ్యాహ్నానికి బేరింగు కాలిపోతూ ఉంది, గ్రీజు కరిగి నేలకు కారుతూ ఉంది. మళ్ళీ గుత్తికి కబురు పోయింది. ఫిట్టరు వచ్చి చూసి, గుండ్లు తిరగడానికి జాగా ఉండాలి, సగానికి మించి పెట్టకూడదు, నిండా పెడితే గ్రీజునే చిలికి చిలికి వేడెక్కుతుందని వివరించాడు.

ఆయన అంతా విని, "అరకడుపేనా?" అన్నాడు. "ముందే చెప్పింటే అయిపోయుండె. అరకడుపు సంగతి మాకు నేర్పల్లనా?"

ఆ తరువాత ఎప్పుడూ ఎక్కువ పెట్టలేదు. రెండు వేళ్ళకు వచ్చినంత తీసి, గుండ్ల మధ్యకు నెట్టి, వేలితో చుట్టూ ఒకసారి తిప్పి, మూత వేసే ముందు ఒక క్షణం లోపలికి చూసేవాడు. ఏం చూస్తావని అడిగితే, అది తనను చూస్తుందో లేదో చూస్తున్నానన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయన కూడా వివరించలేదు.

బేరింగు వేడి తెలుసుకోవడానికి ఆయనకు ఒక పద్ధతి ఉండేది. అది మా మిల్లులో తప్ప ఇంకెక్కడా ఉండదని అనుకుంటాను. చేతి వెనక వైపు బేరింగు మీద ఆనించి, చర్చిలో అందరూ కలిసి చెప్పే ప్రార్థన మనసులో మొదలుపెట్టేవాడు. చెయ్యి పెట్టి ఉంచి ఆమేన్ దాకా పోగలిగితే బేరింగు బాగున్నట్లు. తప్పుల్ని క్షమించమని అడిగే చోట చెయ్యి లాగేస్తే ఒక కన్ను వేసి ఉంచాలి. తిండి అడిగే చోటనే లాగేస్తే గ్రీజు చూడాలి. అంతకన్నా ముందే అయితే ఇంజను ఆపాలి.

సాహుకారుకు ఆ ప్రార్థన తెలియదు. కానీ ఏడాది తిరక్కుండా దాని మెట్లన్నీ వచ్చేశాయి. పొద్దున్నే నుదుటి మీద తడి ఆరని బొట్టుతో వచ్చి, గడప అవతల నిలబడి, "యాడికి వచ్చినాదిరా?" అని అడిగేవాడు.

"తిండి దాటినాది సామీ. క్షమాపణ కాడ సురుక్కుమనె."

"సరే, చూస్తాండు."

ఈ సంభాషణలో ఇద్దరికీ విడ్డూరం ఏమీ కనిపించలేదు. మొదటిసారి విన్న బళ్ళారి వ్యాపారి ఒకాయన మాత్రం, సాహుకారు మతం మార్చుకున్నాడా అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

నాకు కొలతలంటే ఇష్టం. ఇంజను నీళ్ళ వేడి చూసే థర్మామీటరు ఒకటి ఉండేది. దాన్ని మైనంతో బేరింగుకు అంటించి ఆయన ప్రార్థనతో సరిచూశాను. మామూలు రోజుల్లో ఆమేన్‌కూ డిగ్రీలకూ పొత్తు బాగానే కుదిరింది. కానీ భార్యతో తగువు పడి వచ్చిన రోజు ఆయన ప్రార్థన తొందరగా అయిపోయేది. ఆ రోజుల్లో కాలుతున్న బేరింగు కూడా ఆమేన్ దాకా పోయేది. ఈ లోపం ఆయనకు చూపించాను. మనసులోనే అయినా ఒకే వేగంతో చెప్పమన్నాను.

"దేవునితో మాట్లాడేది గదప్పా," అన్నాడు. "నీ గడియారం చూసుకుంటా మాట్లాడేదానికి అయితాదా?"

తగువు పడిన రోజుల్లో థర్మామీటరు నమ్మాలి, మిగతా రోజుల్లో ప్రార్థన నమ్మాలి అని నాకు నేను నిర్ణయించుకున్నాను. తగువు పడ్డాడో లేదో ఆయన నడకలో తెలిసేది.

శబ్దం వినడానికి వేపకట్టె ఒకటి ఉండేది. ఒక కొస బేరింగుకు ఆనించి, ఇంకో కొస పళ్ళతో పట్టుకునేవాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండేవాడు. ఏమంటుందని అడిగితే, "సణుగుతాండాది, తిట్లు ఇంకా రాలేదు," అనేవాడు. డబ్బా అడుగున ఉన్న గ్రీజుకు బలం ఎక్కువ అని నమ్మేవాడు. అమావాస్యనాడు బేరింగులు బిగుసుకుంటాయని నమ్మేవాడు. రెండూ తప్పే. రెంటి మీదా నాతో గట్టిగా వాదించాడు. నేను లెక్కలు చూపిస్తే, ఆ లెక్కలు అమావాస్యనాడు వేసినవా కాదా అని అడిగాడు. కాదు.

ఆయుధపూజ నాడు మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టేవారు. బేరింగు సందుల్లో పొడి పడితే లోపల గుండ్లను అరగదీస్తుందని ఆయన గొడవ. పూజ ఆపమని చెప్పే చోటు కాదు. అందుకని పూజారి వచ్చేసరికి వెనక వాకిట్లోంచి వంగి వచ్చి, మూల బేరింగు మీద తన అరచెయ్యి కప్పి నిలబడేవాడు. పూజారి ఆయన్ను తాకకూడదు గనుక దూరం నుంచి కుంకుమ విసిరేవాడు. చాలా భాగం చేతి మీద పడేది. ఏటా మిషన్లతో పాటు ఆ చేతికి కూడా పూజ జరిగేది. ఈ సంగతి చర్చిలో చెప్పావా అని మస్తాను ఒకసారి అడిగాడు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు అన్నాడు.

ఆయనంటే నాకు ఎప్పుడూ మొదట గుర్తొచ్చేది నూనె కారిన మధ్యాహ్నం. అది శుక్రవారం. మస్తాను నమాజుకు పోయాడు. పోయే ముందు తొట్టి కిందున్న కుళాయి సరిగా కట్టలేదు. సాహుకారు ఆఫీసు గదిలో పడుకున్నాడు. నేను పెరట్లో అన్నం తింటున్నాను. లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది. అరుపు కాదు. బజారులో కూరలమ్మే మనిషి పిలుపులా ఒకే శ్రుతిలో వస్తూ ఉంది. "నూనె పోతాండాది. నూనె పోతాండాది."

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. కుళాయి లోంచి నూనె ధారగా పోతోంది. గది నేల మీద పరుచుకుంటూ ఆయన కాళ్ళ దగ్గరకు వస్తోంది. అది ఒక అడుగు ముందుకు వస్తే ఆయన ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. రెండు చేతులూ వెనక ఉన్నాయి. అప్పటికే వీపు వాకిలికి ఆనింది. నేను కుళాయి కట్టేశాను.

సాహుకారు వచ్చి నేల చూశాడు. తరువాత ఆయన్ను చూశాడు.

"నీ కండ్ల ముందర కారిపోతాంటే ఆ కుళాయి తిప్పలేకపోతివా?"

"తిప్పుదును సామీ. అది నూనె కుళాయి. నేను బేరింగు మనిషిని."

ఆ రూలు సాహుకారుదే. తొట్టిని చూశాడు, జానెడు దూరాన్ని చూశాడు, వాకిలిని చూశాడు. అప్పుడు అన్నాడు. "ఇంకమీద కారిపోతాంటే ముట్టు."

"కారకుంటే?"

"కారకుంటే ముట్టొద్దు."

"సరే సామీ." ఆయన తల ఊపాడు. "కారేటప్పుడు నేను ముట్టిన నూనె అమ్ముతారా, పారబోస్తారా? తెలుసుకుని పెట్టుకుంటే మంచిది గదా."

సాహుకారు ఆఫీసులోకి పోయాడు. నేల మీది నూనెను ఎత్తి సబ్బులు చేసేవాళ్ళకు ఇచ్చాం. ఆ రోజు నుంచి సాహుకారు ఆయన్ను "రా" అని పిలవడం తగ్గింది. మానలేదు, తగ్గింది. మస్తాను మాత్రం ఆ సాయంత్రం నుంచే మేస్త్రీ అన్నాడు. తన కుళాయి తప్పు సాహుకారు కోపంలో కొట్టుకుపోయినందుకు కృతజ్ఞత అనుకుంటాను.

తరువాత వానలు తప్పాయి. ఒక ఏడాది తప్పితే మా వైపు ఎవరూ లెక్కపెట్టరు. వరసగా తప్పాయి. వేరుశనగ చేలల్లో కాయ పట్టే ఊడలు నేలలోకి దిగలేదు. పెరట్లోకి మూటలు రావడం ఆగిపోయింది, పెరటి కూలీలు ఇళ్ళ దగ్గర ఉండిపోయారు. పాళెంలో కాళ్ళున్నవాళ్ళు బండల గనుల్లోకి పోయారు, కొందరు రోడ్డు పనికి పోయారు. మిల్లు పాత నిల్వల మీద వారంలో కొన్ని రోజులు నడిచేది. లోపలి గదిలో ఉన్నవాళ్ళకే పని. మస్తాను, సాహుకారు బామ్మర్ది, మా గ్రీజు మేస్త్రీ. ఆయనకు అప్పటికి మోకాళ్ళు పోయాయి. గనుల్లో బండ ఎత్తలేడు. ఇంట్లో తినే నోళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆ కరువులోనే బళ్ళారి నుంచి ఏజెంటు ఒకాయన కొత్త గ్రీజు తెచ్చాడు. వెన్నలాగా, లేత గోధుమరంగులో ఉంది. వేడికి కరగదన్నాడు, నీళ్ళకు పోదన్నాడు. సాహుకారు ఎప్పటిలాగే గడప అవతల నుంచి, దేనితో చేస్తారని అడిగాడు.

"ఆముదం సార్. కొవ్వు చుక్క లేదు."

సాహుకారు గడప దాటి వచ్చాడు. డబ్బా మీదకు వంగి వాసన చూశాడు. మొహం తేటపడింది. ఇన్నేళ్ళుగా తన మిల్లులో తాను తలెత్తుకోలేకుండా చేసిన డబ్బా పీడ వదిలినట్టు కనిపించింది.

మేస్త్రీ వెనక వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎడమచెయ్యి వెనక ఉంది. ఏజెంటును ఒకే ఒక మాట అడిగాడు. "అయితే దీన్ని అందరూ ముట్టొచ్చునా సార్?"

"ఎవరైనా. పూజారి కూడా ముట్టొచ్చు," అన్నాడు ఏజెంటు.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, అందరూ ఆపేశాక.

గ్రీజు పని ఇకమీద బామ్మర్ది చూసుకుంటాడని సాహుకారు నిర్ణయించాడు. ఆయన్ను పెరటి కూలీల్లోకి మార్చమని నాతో చెప్పాడు. పెరట్లో కూలీ ఎవరికీ లేదని సాహుకారుకు తెలుసు. నాకు తెలుసు. ఆయనకు మా ఇద్దరికన్నా ముందు తెలుసు.

అయితే పోయేముందు ఒక పని మిగిలింది. పాత గ్రీజూ కొత్త గ్రీజూ కలిస్తే రెండూ పల్చబడి కారిపోతాయని ఏజెంటు హెచ్చరించాడు. పాతదంతా కడిగేశాకే కొత్తది పెట్టాలి. పాతదాన్ని ముట్టేవాడు ఆయన ఒక్కడే. కాబట్టి తన పని పోవడానికి కావలసిన పని ఆయనే చేయాలి.

కిరసనాయిలు, పాతగుడ్డలు ఇచ్చాం. ఆయన ఒక్కొక్క బేరింగే విప్పి, గుండ్లు మెరిసేదాకా కడిగి పక్కకు జరిగేవాడు. బామ్మర్ది వచ్చి కొత్త గ్రీజు పెట్టేవాడు. నిండా కుక్కబోతుంటే ఆయనే సగం చాలని ఆపాడు. ఇద్దరూ ఒకే చోట పనిచేయడం అదే మొదలు. మధ్యాహ్నం దాటేసరికి మూల బేరింగు ఒక్కటి మిగిలింది. ఆయన దాని ముందు కూచున్నాడు. మూత తీయలేదు. వేపకట్టె ఆనించి విన్నాడు. ఇంజను ఆగి ఉంది, వినడానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు విన్నాడు. తరువాత లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుని, గడప అవతల ఉన్న సాహుకారు వైపు తిరిగాడు.

"దీనికి కొత్తది సరిపడదు సామీ."

"ఏం? ఎందుకు సరిపడదు?"

"వేడి మూల ఇది. పాతదానికి అలవాటు పడి ఉండాది. మారిస్తే కూచుంటాది."

కూచోవడం అంటే బేరింగు పట్టేసి మిషను ఆగిపోవడం. కరువులో ఎక్స్‌పెల్లరు కూచుంటే లేపడానికి సాహుకారు దగ్గర శక్తి లేదు. సాహుకారు నా వైపు చూశాడు.

"ఏమప్పా, నువ్వు విన్నావు గదా ఏజెంటు మాట. నిజమేనా?"

"రెండూ కలిస్తే కారిపోతుందనే చెప్పినాడు సాహుకారూ," అన్నాను.

అది నిజం. వేడి చోట్లకు కొత్తదే మేలని కూడా ఏజెంటు చెప్పాడు. సాహుకారు ఆ సంగతి అడగలేదు. మూల బేరింగును చూశాడు, గోనెసంచి కప్పిన పాత డబ్బాను చూశాడు. "అయితే అదొక్కటి నువ్వే చూసుకో," అన్నాడు మేస్త్రీతో.

అలా ఒక బేరింగు కోసం ఒక మనిషి లోపల ఉండిపోయాడు. పొద్దున్నే వంగి వచ్చేవాడు. మూల బేరింగుకు గ్రీజు పెట్టడానికి, అంతకుముందు అన్ని బేరింగులకూ కలిపి పట్టినంత సేపు తీసుకునేవాడు. తరువాత ఊరికే ఉండలేక మిగతావాటి మీద కూడా చెయ్యి ఆనించి ప్రార్థన చెప్పేవాడు. బామ్మర్దిని తిట్టేవాడు. బామ్మర్ది మొదట ఉడుక్కునేవాడు, తరువాత తిట్టకపోతే అనుమానపడి మళ్ళీ విప్పి చూసుకునేవాడు. వానలు వచ్చాక మిల్లు మళ్ళీ నిండుగా నడిచింది. ఆయన మాత్రం పెరట్లోకి పోలేదు. పొమ్మని ఎవరూ అనలేదు. పాత డబ్బా అలాగే మూలన ఉంది, సంచి కప్పి.

ఒక చలికాలం దగ్గు పట్టుకుంది. జ్వరం వచ్చింది. ఒక వారం రాలేదు, తరువాత కబురు వచ్చింది. నేనూ మస్తానూ పోయి మట్టి వేసి వచ్చాం. పెట్టెలో ఆయన రెండు చేతులూ ముందుకు, ఎదమీద పెట్టి ఉన్నాయి. ఎడమచేతి గోళ్ళలో నలుపు అలాగే ఉంది. మిల్లు ఆ రోజు మధ్యాహ్నం కాసేపు ఆగింది. బెల్టు మార్చడానికి ఆగిందని బామ్మర్ది చెప్పాడు. ఆ బెల్టును అంతకు ముందు నెలలోనే మార్చామని నాకు గుర్తుంది. నేను అడగలేదు.

మూల బేరింగుకు గ్రీజు పెట్టేవాళ్ళు లేరు కాబట్టి గుత్తి ఫిట్టరును పిలిచాం. పాతదంతా కడిగి దానికి కూడా కొత్తదే పెట్టేస్తే సరిపోతుందని అనుకున్నాం. ఫిట్టరు మూత విప్పాడు. వేలితో కొంచెం తీసి చూసి, నన్ను దగ్గరకు పిలిచాడు.

లోపల ఉన్నది కొత్త గ్రీజు. సగానికి ఒక వెంట్రుక కూడా మించకుండా, శుభ్రంగా, గోధుమరంగులో ఉంది. పాత గ్రీజు జాడ ఎక్కడా లేదు. ఫిట్టరు పాత డబ్బా మీది సంచి లాగి మూత తీశాడు. పైన ఎండి, పగుళ్ళిచ్చిన చెరువు అడుగులా ఉంది. అందులో ఎవరూ వేలు పెట్టి ఎన్నో ఏళ్ళయి ఉంటుంది.

నేను ఆఫీసులోకి పోయి సాహుకారుకు చెప్పాను. ఆయన ఏదో రాసుకుంటూ తలెత్తలేదు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"ఆ మూల కొవ్వు వాసన పోయినప్పటినుంచి. నూనె యాపారం చేసేవాణ్ణి, ముక్కు లేదనుకుంటివా?"

"మరి అడగలేదే?"

"అడిగితే ఆయప్ప ఏమన్నా చెప్పల్ల గదా. చెప్పినాక నేనేమన్నా చెయ్యల్ల గదా." ఆయన కలం పక్కన పెట్టాడు. "ఆ పాళెంలో పనికి వచ్చేవాళ్ళు ఎవరన్నా ఉండారేమో కనుక్కో," అన్నాడు.

లోపల కొత్తగా పని ఏమీ లేదని, బామ్మర్ది ఎలాగూ అన్నిటికీ పెడుతున్నాడు గనుక ఇదొక్కటి కూడా చూసుకుంటాడని చెప్పాను. సాహుకారు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఏం పనని చెప్పల్ల వాళ్ళకు?" అని అడిగాను.

"మూల బేరింగుకు కొత్త గ్రీజు సరిపడదని చెప్పు," అన్నాడు సాహుకారు.